పండుగాణ్ణి పాడమని అడగొద్దు

బసవనగుడి, బెంగళూరు
మార్చి మొదటి వారం

అమ్మడూ,

నీ మెసేజీ చూశాను. ఫోన్లో మాట్లాడుకుందామంటే మధ్యలో నీకు ఆఫీసు కాల్ వస్తుంది, నాకు క్లాసు పిల్లలొస్తారు. అందుకని ఉత్తరమే రాస్తున్నాను. తీరిగ్గా చదివి అల్లుడుగారికీ ఇవ్వు, ఆయనకి చెప్పాల్సినవీ ఇందులో ఉన్నాయి.

ముందు అడిగినదానికి జవాబు చెప్పేస్తాను. మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో కీబోర్డు క్లాసు, మారతహళ్లిలో కర్ణాటక సంగీతం క్లాసు, ఆన్‌లైన్‌లో ఇంకొకటి, ఈ మూడిట్లో పండుగాణ్ణి దేన్లో చేర్పించమంటావు అని కదా అడిగావు. ఈ ఏడాదికి ఏదీ వద్దు. వాడికి మొన్ననేగా ఐదు నిండాయి.

వాడికి సంగీతమంటే ఇష్టమని నువ్వు రాసిన గుర్తులు నిజమే. సంక్రాంతికి మా ఇంటికొచ్చినప్పుడు నేనూ గమనించాను. వంటింట్లో మిక్సీ తిరుగుతుంటే గట్టుకి ఆనుకుని నిలబడి, సరిగ్గా ఆ మోతలోనే గొంతు కలిపాడు. నేను మిక్సీ ఆపగానే అది జారుతూ ఆగుతుంది చూడు, వీడి గొంతూ దానితోపాటే కిందికి జారింది. మళ్లీ వెయ్యమన్నాడు. చట్నీ ఎప్పుడో నలిగిపోయినా ఉత్తి గిన్నెతో రెండోసారి తిప్పాను. ఇది చాలా మంచి చెవి. కానీ దానికి అప్పుడే పేరు పెట్టి ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు. మంచి చెవి ఉన్న పిల్లలు చాలామంది ఉంటారు. పదేళ్లు వచ్చేసరికి వాళ్లలో ఎందరికి పాట మీద ఇష్టం మిగులుతుందన్నదే నాకు బెంగ.

ఇన్నేళ్లుగా పిల్లలకి పాఠం చెబుతూ నేను చూసినంతలో, ఆ ఇష్టం తరగడం క్లాసులో కన్నా ముందు ఇంట్లో హాల్లో, సోఫా దగ్గర మొదలవుతుంది. చుట్టాలొస్తారు. కాఫీలవుతాయి. "పండూ, మామయ్యకి ఒక పాట పాడి వినిపించు" అంటాం. అంతవరకూ బాల్కనీలో తనలో తను పాడుకుంటున్నవాడు వచ్చి నీ వెనక నక్కుతాడు, చున్నీ కొస నోట్లో పెట్టుకుంటాడు. "పాడితే చాక్లెట్" అంటాం. రెండు ముక్కలు పాడతాడు. ఎక్కడో అపస్వరం పడుతుంది, ఎవరో ముద్దొచ్చి నవ్వుతారు. అది ముద్దుతో వచ్చిన నవ్వని మనకి తెలుసు, వాడికి తెలీదు. ఈలోపు అల్లుడుగారు ఫోన్ తీసి వీడియో తీస్తుంటారు. "మొదట్నుంచీ ఇంకోసారి పాడు నాన్నా, వెలుతురు సరిగ్గా లేదు." అక్కడితో ఆ పాట వాడిది కాకుండా పోతుంది, మనదవుతుంది. అడిగినప్పుడు ఇవ్వాల్సిన వస్తువవుతుంది. ఇదొక్కటీ మానగలిగితే ఈ ఉత్తరంలో మిగతాదంతా మర్చిపోయినా నాకు బాధ లేదు. వాడంతట వాడొచ్చి పాడితే చేతిలో పని ఆపి విను. పూర్తయ్యాక "భలే" అనాల్సిన అవసరం కూడా లేదు, "ఆ చివర్ది మళ్లీ ఒకసారి పాడవా, నాకు నచ్చింది" అని చూడు. ఏం జరుగుతుందో నువ్వే చూస్తావు.

చాక్లెట్ సంగతి ఎత్తాను కాబట్టి ఒక మాట. 1973లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ల నర్సరీ బడిలో ఒక ప్రయోగం చేశారు. మూడు నుంచి ఐదేళ్ల లోపు పిల్లలు, బొమ్మలు గీయడమంటే ముందే ఇష్టమున్నవాళ్లు. కొందరితో "బొమ్మ గీస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తాం" అన్నారు, గీశాక ఇచ్చారు. కొందరికి ముందు చెప్పకుండా గీశాక ఇచ్చారు. మిగిలినవాళ్లకి ఏమీ ఇవ్వలేదు. కొన్నాళ్ల తర్వాత బడిలో ఆ రంగు పెన్నులు మామూలుగా పెట్టి ఎవరు గీస్తారో చూస్తే, ముందుగా ఆశ పెట్టిన పిల్లలే బాగా తక్కువసేపు గీశారు. హఠాత్తుగా బహుమతి అందుకున్నవాళ్లకి గానీ అసలేమీ అందుకోనివాళ్లకి గానీ ఇష్టం తగ్గలేదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో "సరళీ స్వరాలు పాడితే అరగంట ట్యాబ్" అనే ఇంటి నుంచి వచ్చేవాళ్లని నేను ఇట్టే గుర్తుపడతాను. వాళ్ల చూపు గోడ గడియారం మీదే ఉంటుంది.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమనడం లేదు. ఒత్తిడి పెట్టకూడదని కొందరు పిల్లల్ని వాళ్ల మానాన వదిలేస్తారు, "వాడికి ఇష్టముంటే వాడే నేర్చుకుంటాడు" అని. అది కూడా తప్పే. సంగీతానికి తోడు కావాలి. ఇంట్లో ఎవరూ కూనిరాగం తీయనప్పుడు వాడొక్కడే ఎందుకు తీయాలి? జపాన్‌లో షినిచి సుజుకి అనే వయొలిన్ గురువు చెప్పింది ఇదే. ఏ దేశపు పిల్లలైనా మాతృభాషని చుట్టూ వినీ వినీ పట్టుకున్నట్టే సంగీతాన్నీ పట్టుకుంటారని. ఆయన పద్ధతిలో చేతికి వయొలిన్ ఇచ్చేముందు ఎన్నాళ్లో వినిపిస్తారు, తల్లో తండ్రో పక్కన కూర్చుని తామూ నేర్చుకుంటారు.

"నాకు గొంతు లేదు పెద్దమ్మా" అంటావు, తెలుసు. నీ గొంతు వాడికి కావాలి, దాని నాణ్యత వాడికి అక్కర్లేదు. స్నానం చేయించేటప్పుడు, బడి బస్సు కోసం కింద నిలబడ్డప్పుడు ఏదో ఒకటి పాడు, సినిమా పాటైనా సరే. అల్లుడుగారికి ఇళయరాజా అంటే ప్రాణం కదా, ఆదివారం పొద్దున పాత పాటలు పెట్టి, "పండూ, ఇప్పుడు వినపడుతున్నది ఫ్లూటా, వయొలినా?" అని వాడితో కలిసి వినమను. మీ అమ్మ తెనాలి నుంచి వీడియో కాల్ చేసినప్పుడు "ఇవాళ ఏం తిన్నావు" అన్న ప్రశ్నతో పాటు ఒక మంగళహారతి పాడమను. దానికి అంత మంచి గొంతుంది, మా అమ్మ దగ్గర నేర్చుకున్న హారతులు ఎన్నో ఉన్నాయి, అవి ఏ యూట్యూబ్‌లోనూ దొరకవు. సాయంత్రం కూర తరుగుతూ తంబూరా యాప్ సన్నగా పెట్టి ఉంచు. ఏమీ చెప్పకు. ఆ షడ్జమం, పంచమం గోడలకి పట్టినట్టు వాడి చెవికి పట్టేస్తాయి. తర్వాత గురువుకి సగం పని తప్పుతుంది.

తాళం కూడా అంతే. "తకిట", "తకధిమి" ఐదేళ్ల పిల్లలకి ఆటలా ఉంటుంది. మెట్లు దిగుతూ తకధిమి అనుకుంటూ దిగండి. ఆదితాళం నేర్పాలంటే దెబ్బ, చిటికెన వేలు, ఉంగరపు వేలు, నడిమి వేలు, తర్వాత దెబ్బా విసురూ, దెబ్బా విసురూ, ఎనిమిది లెక్క. నా దగ్గర ఒక పిల్లవాడు మొదటిరోజు ఉంగరపు వేలు ఒక్కటే ముడవలేక, రెండో చేత్తో దాన్ని పట్టుకుని వంచేవాడు. తాళం తప్పినా వేలు మాత్రం వదిలేవాడు కాదు. ఆ పట్టుదల చూసి నవ్వు ఆపుకోవడం నాకు కష్టమయ్యేది.

ఇక పక్క ఫ్లాటువాళ్ల అమ్మాయి ఆరేళ్లకే రాగాలు గుర్తుపడుతోందని, మీ అత్తగారేమో బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్లకే కచేరీ చేశాడన్నారని రాశావు. చేశారు. విజయవాడలో త్యాగరాజ ఆరాధనలో. కానీ ఆయన తండ్రి పట్టాభిరామయ్యగారు సంగీత విద్వాంసులు, తల్లి సూర్యకాంతమ్మగారు వీణ వాయించేవారు, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. ఆ ఇంటి గాలే వేరు. అలాంటి పిల్లవాడు నూరేళ్లకొకడు పుడతాడు. మన పిల్లల్ని ఆయన పక్కన నిలబెట్టి కొలవడం ఆయనకీ మర్యాద కాదు, వీళ్లకీ మంచిది కాదు.

నువ్వు చదవాల్సిన కథ మాండలిన్ శ్రీనివాస్‌ది. పాలకొల్లు పిల్లవాడు, 1969లో పుట్టాడు. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ విద్వాంసులు, ఇంట్లో ఒక మాండలిన్ కూడా ఉండేది. ఆరేళ్లప్పుడు దాన్ని శ్రీనివాస్ తనే తీసి మీటడం మొదలుపెట్టాడు. ఎవరూ చేతికివ్వలేదు. అప్పటికి కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కి చోటే లేదు. అది పాశ్చాత్య వాయిద్యం, గమకం పలకదని అనేవారు. "వీణో వయొలినో నేర్చుకోరా" అనడానికి ఆ తండ్రికి అన్ని కారణాలూ ఉన్నాయి. ఆయన కొడుక్కి కొత్త మాండలిన్ కొనిపెట్టారు. తర్వాత తన గురువు రుద్రరాజు సుబ్బరాజుగారి దగ్గరే పాఠం పెట్టించారు. సుబ్బరాజుగారు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, గాత్రం మనిషి. ఆయనకి మాండలిన్ వాయించడం రాదు. మరి ఎలా నేర్పారు? ఆయన పాడేవారు, ఆ పిల్లవాడు విన్నది తీగల మీద వెతుక్కునేవాడు. వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవాళ్లు లేరు గనక తన దారి తనే కనుక్కున్నాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ. తర్వాత ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టి, ఎనిమిది తీగల్ని ఐదుకి మార్చుకుని, ప్రపంచమంతా తిరిగాడు. 2014లో నలభై ఐదేళ్లకే పోయాడు, ఆ దుఃఖం వేరు. ఆ మేధ సంగతి అలా ఉంచు. పిల్లవాడు దేని మీద చెయ్యి వేశాడో పెద్దవాళ్లు చూశారు, అడ్డం రాలేదు, మంచి గురువు పాట రోజూ వాడి చెవిన పడేలా చేశారు. ఆ మూడో పని చేయడానికి మేధావి తల్లిదండ్రులు కానక్కర్లేదు.

ఆలస్యమైపోతుందేమోనన్న భయం నీకుంటే, మన ఎస్పీ బాలుగారు శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకోలేదని తనే ఎన్నోసార్లు చెప్పారు. నెల్లూరులో తండ్రి సాంబమూర్తిగారు హరికథలు చెప్పేవారు. ఆ ఇంట్లో వినబడిందే ఆయన మొదటి పాఠం. ఇంజనీరింగ్ చదువుకని వెళ్లిన మనిషి ఆయన.

ఎప్పుడు చేర్పించాలి మరి? అరగంట ఒకచోట కూర్చోగలిగినప్పుడు, వాడు నోరు తెరిచి "నేను నేర్చుకుంటా" అని ఒకటికి రెండుసార్లు అడిగినప్పుడు. ఆరేళ్లకి కావచ్చు, ఎనిమిదికి కావచ్చు. గాత్రంతో మొదలుపెట్టడం మేలని నా అభిప్రాయం. కీబోర్డు చెడ్డదని కాదు, పాశ్చాత్య సంగీతానికి అది చక్కటి పునాది. కానీ దాని మీద ఒక్కో కీకి ఒక్కో స్వరం, తోడి రాగంలో గాంధారం ఎలా ఊగుతుందో ఆ కీ చూపించలేదు. గొంతు చూపిస్తుంది, పైగా కొనక్కర్లేదు. వయొలినే కావాలని పట్టుబడితే పిల్లల చేతికి సరిపడే పావు, అర సైజులు దొరుకుతాయి, అద్దెకి తీసుకో.

గురువు విషయంలో మాత్రం నిదానంగా ఉండు. పేరున్న విద్వాంసులు జయనగర్‌లో ఉన్నారని మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాటించి తీసుకురాకు. గంటంబావు కారులో కూర్చుని వచ్చినవాడికి మాయామాళవగౌళ రాగం ఏం వినపడుతుంది? నడిచి వెళ్లేంత దూరంలో ఓపికున్న గురువు చాలు. ముందు ఒక క్లాసు మూలన కూర్చుని చూడనివ్వమని అడుగు. పిల్లలు తప్పు పాడినప్పుడు గురువు ఏం చేస్తారో చూడు. ప్రతి స్వరానికీ ఆపి దిద్దితే పిల్లలు బిగుసుకుపోతారు. తనతో కలిపి పాడించి, తప్పు దానంతటదే సర్దుకునేలా చేసే గురువులున్నారు, వాళ్లని పట్టుకో. ఇంకొకటి, శ్రుతి. ఆడవాళ్లు సాధారణంగా ఐదు శ్రుతికి అటూఇటూగా పాడతారు, మగవాళ్లు ఒకటీ ఒకటిన్నరలో. గురువు తన శ్రుతిలోనే పిల్లలందర్నీ పాడించేస్తుంటే కొందరు తారస్థాయిలో అరుస్తారు, కొందరు మంద్రంలో గొణుగుతారు. పిల్లవాడి గొంతుకి శ్రుతి మార్చే గురువు మంచి గురువు. ఆన్‌లైన్ క్లాసులో కలిసి పాడటం కుదరదు, నెట్‌లో గొంతు కాస్త వెనకబడి వస్తుంది గనక ఒకరి తర్వాత ఒకరే పాడాలి. పెద్దపిల్లలకి పరవాలేదు గానీ వీడికి వద్దు.

చేర్పించాక నువ్వు క్లాసులో కూర్చోకు. సుజుకి పద్ధతిలో తల్లి కూర్చుంటుందని ఇందాక రాశాను, కానీ అక్కడ తల్లి కూడా విద్యార్థే. మన దగ్గర తల్లులు పరీక్షాధికారుల్లా కూర్చుంటారు. నా క్లాసులో ఒకావిడ కూతురి వెనకే కూర్చుని ప్రతి స్వరానికీ పెదవులు కదిపేది. ఆ పిల్ల పాడుతూ పాడుతూ నా వంక కాకుండా వెనక్కి చూసేది. ఒకరోజు ఆవిణ్ణి గాంధీబజార్‌లో నాకోసం తమలపాకులు తెచ్చిపెట్టమని పంపాను. ఆవిడ గేటు దాటిందో లేదో ఆ పిల్ల గొంతు విచ్చుకుంది. ఆ తర్వాత నాకు తమలపాకులు తరచు అవసరమయ్యేవి.

సాధకం రోజూ పది పదిహేను నిమిషాలు చాలు, కానీ ఒకే వేళకి. ఆకలి మీద, నిద్ర మీద వద్దు. సరళీ స్వరాల దగ్గర పిల్లలు విసుక్కుంటారు, మాటలుండవు కదా. పురందరదాసుగారు ఏర్పరిచారని చెప్పే ఆ పాఠాల వరసలో మలహరి గీతాలొచ్చేసరికి మళ్లీ హుషారొస్తుంది. మధ్యలో ఉన్న ఆ ఎండాకాలం దాటించడమే నీ పని. వాడు పాడుతుంటే పక్కన కూర్చుని తాళం వెయ్యి, ఒకరోజు నువ్వు శిష్యురాలివై వాడి దగ్గర నేర్చుకో. మూడో కాలంలో పాడించాలని తొందరపడకు, వేగం ముందొస్తే శ్రుతి వెనకబడుతుంది. జూనియర్ పరీక్షలూ సర్టిఫికెట్లూ వాడు పెద్దయ్యాక అడిగితే చూద్దాం. టీవీ పోటీల మాట పదేళ్లదాకా ఇంట్లో ఎత్తొద్దు.

ఎప్పుడో ఒకరోజు "నేను వెళ్లను" అంటాడు. అందరూ అంటారు. కారణం అడుగు. చాలాసార్లు సంగీతం మీద కోపం ఉండదు, ఆ గంటకే కింద క్రికెట్ మొదలవుతుంది. వేళ మార్చు. గురువంటే భయమైతే గురువుని మార్చు. నిజంగానే వద్దంటే మానిపించు, ఇంట్లో పాట మాత్రం ఆపకు. పన్నెండు, పద్నాలుగేళ్ల మధ్య మగపిల్లలకి గొంతు మారుతుంది, చాలామంది సిగ్గుపడి అక్కడే వదిలేస్తారు. అది మారుతుందని ముందే చెప్పి ఉంచాలి.

ఈలోపు మీరున్న ఊరిని వాడుకోండి. వారాంతం వస్తే మాల్ తప్ప ఇంకేమీ కనపడదు మీకు. జేపీ నగర్‌లో ఇండియన్ మ్యూజిక్ ఎక్స్‌పీరియెన్స్ అని 2019లో తెరిచిన మ్యూజియం ఉంది, దాని సౌండ్ గార్డెన్‌లో పిల్లలు చేత్తో కొట్టి మోగించే వాయిద్యాలున్నాయి. "ముట్టుకోవద్దు" అనే మాట లేని చోటు పిల్లలకి అరుదు కదా. మల్లేశ్వరం వైపు వెళ్తే చౌడయ్య మెమోరియల్ హాలు బయట నిలబెట్టి చూపించు. మైసూరు చౌడయ్యగారి పేర వయొలిన్ ఆకారంలోనే కట్టిన భవనం, తీగలూ బిరడలూ సహా. తెలుగువాళ్లకి వయొలినంటే ద్వారం వెంకటస్వామి నాయుడుగారే కదా, ఆయన పుట్టింది ఈ బెంగళూరులోనేనని అల్లుడుగారికి చెప్పు. 1893లో పుట్టి, విశాఖలో పెరిగి, విజయనగరం చేరారు.

ఇంకో అదృష్టం కూడా ఉంది మనకి. ఈ ఊళ్లో కన్నడం, తమిళం మాట్లాడే పిల్లలు త్యాగరాజ కీర్తనల్ని అర్థం తెలియకుండా బట్టీ పడతారు. మైసూరు వాసుదేవాచార్యులవారు కూడా కన్నడనాట ఉండి ఎక్కువగా తెలుగులో, సంస్కృతంలోనే కృతులు చేశారు. పండుగాడికి ఆ మాటలు ఇంట్లో మాటలే. కానీ నువ్వు వాడితో ఇంగ్లీషే మాట్లాడితే ఆ అదృష్టం కూడా పోతుంది, గుర్తుంచుకో.

రామనవమి దగ్గరికొచ్చింది. చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో శ్రీరామసేవా మండలి వాళ్లు 1939 నుంచి చేస్తున్న సంగీతోత్సవం గురించి నీకు ఎన్నిసార్లు చెప్పానో. పెద్ద పందిరి, బయటి చప్పుళ్లు కలుస్తూనే ఉంటాయి, ఎవరూ ఏమీ అనుకోరు. పిల్లలకి మూసిన హాలు కన్నా అదే నయం, విసుగొస్తే వెనక్కి వెళ్లి తిరిగిరావచ్చు. పండుగాడు స్టేజీ వైపు చూస్తాడని ఆశపడకు. పక్క కుర్చీలో తాతగారు తొడ మీద తాళం వేస్తుంటారు, వాడు అదే చూస్తాడు, చూడనివ్వు. టిక్కెట్లు నేను తీసుకుంటాను. మీ ముగ్గురికీ ఏ రోజు కుదురుతుందో ఈ ఆదివారంలోపు చెప్పు. వాడికి పెరుగన్నం డబ్బా తీసుకురా. మధ్యలో నిద్రొస్తే మృదంగం తని ఆవర్తనం మొదలైనా సరే లేచి వెళ్లిపోదాం. తిరుగు దారిలో "ఏం విన్నావు, నచ్చిందా" అని అడగొద్దని అల్లుడుగారికి ముందే చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ